ఉలిక్కిపడ్డ కణాలు

ఆ రోజు పరిశోధకురాలు అనుకున్న పని చిన్నదే. పొద్దున్నే మూడు గిన్నెల్లోని కణాలకు ఫొటోలు తీసి, సాయంత్రం ఆసుపత్రి డాక్టర్లకు చూపించాలి. కీళ్లవాపుకు తయారైన కొత్త మందును రోగులకు ఇచ్చి చూడాలా వద్దా అన్నది వాళ్లు తేల్చాలి. మూడేళ్ల కష్టం ఆ గిన్నెల్లోనే ఉంది.

కణం బయట ఏం జరిగినా ఆ కబురును ఒకదాన్నుంచి ఒకటి అందుకుని లోపలి కేంద్రకం దాకా చేరవేసే ప్రోటీన్లే మ్యాప్ కైనేజ్‌లు. ఆ కబురు ఆగకుండా పోతూనే ఉంటే కీళ్లు వాస్తాయి. కబురు నడుస్తున్న కణం ఫొటోలో పచ్చగా వెలుగుతుంది. కణాలను రెచ్చగొట్టిన గిన్నె వెలగాలి, రెచ్చగొట్టి మందు కూడా వేసినది వెలగకూడదు, ఏమీ చెయ్యనిది చీకటిగా ఉండాలి.

ఏమీ చెయ్యని గిన్నె దేదీప్యమానంగా వెలిగింది.

వెలుగు తెప్పించే రసాయనం పాడైందనుకుని ఆమె కొత్త సీసా తెరిచింది. అదే వెలుగు. ప్రొఫెసర్ ఫొటోలు తీసే యంత్రాన్ని అనుమానించి ఇంజనీరును పిలిపించారు. అతనికి విప్పడం వచ్చినంతగా బిగించడం రాలేదు. ఇక అనుమానం కణాల మీదికి మళ్లింది. ఏవో సూక్ష్మజీవులు సోకి ఉంటాయని, అన్నీ పారబొయ్యమన్నారు. ఆ మాట చెవినపడి, ఎందుకైనా మంచిదని పక్క ల్యాబ్ వాళ్లు కూడా తమవి పారబోసుకున్నారు. పన్నెండయ్యేసరికి అంతస్తంతా బ్లీచింగ్ వాసన. డాక్టర్లను రావద్దనడానికి ప్రొఫెసర్ ఫోన్ తీశారు.

గిన్నెలు కడిగే ఆవిడ ఇరవై ఏళ్లుగా అక్కడ అందరికీ పిన్ని. కణాల గిన్నెలున్న చివరి ట్రే చేతిలో పట్టుకుని, పారబొయ్యకుండా నిలబడింది.

"ఒక మాట అడగనా సార్? పొద్దున తమరొచ్చి, కణాలను వెచ్చగా ఉంచే ఆ పెట్టెలో గిన్నెలు చూశారు కదా. ఒక చేతిలో కాఫీ, ఇంకో చేతిలో ఫైలు. తలుపు సరిగ్గా పడలేదని తుంటితో ఒక్కటిచ్చారు. రెండోసారి ఇంకా గట్టిగా. నేను బోర్లించిన గ్లాసులన్నీ గల్లుమన్నాయి. మరి లోపలున్న వాటికి తెలీదంటారా?"

పరిశోధకురాలు చటుక్కున ఆ ట్రే అందుకుంది. కుదుపు తగిలినా కబురు మోసేది ఆ కైనేజ్‌లే. ఎప్పుడో చదివినదే, సమయానికి తట్టలేదు. ఆ ట్రేను మూడు గంటలు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఉంచి, అందులో ఒక గిన్నెను పక్క ల్యాబ్ యంత్రంలో చూసింది. చీకటి. మిగిలిన వాటిలో ఒకదానికి మందు వేసి, అన్నీ ఆ పెట్టెలో పెట్టింది.

"సార్, పొద్దున మూసినట్టే మూయండి," అంది.

ప్రొఫెసర్ మొహమాటపడుతూనే మూశారు. మందు లేనివి వెలిగాయి. మందు వేసినది వెలగలేదు.

సాయంత్రం ఆ ఫొటోలు చూసి డాక్టర్లు రోగులకు ఇచ్చి చూద్దామన్నారు. తలుపు కుదుపును కూడా పట్టేసే కణాన్నీ, ఆ కుదుపును పట్టేసిన పిన్నినీ ఎంత మెచ్చుకున్నా తనివి తీరలేదు వాళ్లకి.

పరిశోధన పత్రంలో పిన్నికి కృతజ్ఞతలు చేరాయి. కుదుపు బలం ఎంతో కూడా రాయాల్సి ఉంది గానీ, ప్రొఫెసర్ తన బరువు చెప్పడానికి ఇంకా ఒప్పుకోలేదు.