అమ్ముడుపోయిన అల

"ఇంట్లో ఇన్ని సముద్రాలున్నాయి, కొళాయిలో మాత్రం చుక్క రాదు," అంది భార్య, ఖాళీ బిందె చంకనెత్తుకుని.

ఫొటోగ్రాఫరు విననట్టు కెమెరా అద్దం తుడుచుకున్నాడు. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. మంచం కింద ఆటుపోట్లు, బీరువా వెనక సూర్యోదయాలు, అటక మీద తుపాను మబ్బులు. తలుపంత ఫ్రేములో ఉన్న పెద్ద అలయితే స్నానాలగదికి అడ్డంగా నిలబడింది. ఇంట్లో ఎవరైనా పక్కకి తిరిగి దానికి దారివ్వాల్సిందే.

ఆ ఫొటోలన్నీ అమ్మేద్దామని ఒక హాలు అద్దెకి తీసుకుని తగిలించాడు. జనం వచ్చారు. అద్భుతంగా ఉందన్నారు. ఏసీ.

దాంతో ఆయనకొక పథకం తట్టింది. బావమరిదిని పిలిచాడు. అతను ఇన్సూరెన్సు ఏజెంటు. మొదలుపెట్టాడంటే అవతలివాడు సంతకం పెట్టి పారిపోవలసిందే. ఇంట్లోవాళ్ళు 'రేడియో' అంటారు.

"నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. పెద్ద అల ముందు నిలబడి హాలు దద్దరిల్లేలా పొగడాలి. నేను అమ్మనంటాను. నువ్వు కాళ్ళావేళ్ళా పడాలి. అది చూసి జనం ఎగబడతారు."

"అక్కకి తెలుసా?"

"తెలిస్తే మనిద్దరినీ ఫ్రేము కట్టించి గోడకి తగిలిస్తుంది. నోరు మూసుకో."

"పొగడాలా, మూసుకోవాలా? ఏదో ఒకటి చెప్పు బావా!"

మర్నాడు రేడియో నల్లకళ్ళద్దాలతో దిగాడు. పెద్ద అల ముందుకి వెళ్ళి, గొంతు సవరించుకుని, సరిగ్గా కనబడక అద్దాలు తీశాడు. అంతే.

అల లేచి నిలబడింది, ఇంకా విరగలేదు. తెల్లవారుజాము వెలుగు వెనకనుంచి దూరి నీళ్ళని పచ్చటి గాజులా వెలిగించింది. ఆ గాజు లోపల, మనిషి తలకన్నా ఎత్తున, చిన్న చేపల గుంపొకటి ఎగురుతూ ఎగురుతూ ఆగిపోయినట్టుంది.

రేడియో నోరు తెరిచే ఉంది. మాటే రాలేదు.

ఫొటోగ్రాఫరు దగ్గాడు. మళ్ళీ దగ్గాడు. ఎవరో పాపం ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

ఇంతలో కూరగాయల సంచీతో ఒకావిడ లోపలికొచ్చి, ఈ మనిషి ఏం చూస్తున్నాడా అని తనూ చూసి, సంచీ కింద పెట్టేసింది. ఆమె వెనక ఇంకొకరు. కాసేపటికి హాలంతా అక్కడే ఉంది, చడీచప్పుడు లేకుండా. ఒక పెద్దాయన చెప్పులు విప్పేశాడు. ఎందుకో ఆయనకే తెలీదు.

ఫొటోగ్రాఫరు కూడా తిరిగి చూశాడు. ఆ ఫొటో తీసిన రోజు నడుంలోతు నీళ్ళలో, మీట నొక్కాడో లేదో కూడా తెలియకుండా, ఊపిరి బిగబట్టి నిలబడిపోయాడు. అమ్మకాల గోలలో పడి ఆ సంగతే మరిచాడు.

"దీని వెలెంతండీ?" కూరగాయలావిడ గుసగుసగా అడిగింది.

అప్పుడొచ్చింది రేడియోకి గొంతు. "వద్దు బావా! నీకు దణ్ణం పెడతా, దీన్ని మాత్రం అమ్మకు!"

"బావా?" హాలంతా ఒక్కసారిగా ఇటు తిరిగింది.

ఫొటోగ్రాఫరు ముఖం మాడిపోయింది. ఎప్పుడొచ్చి కూర్చుందో, మూలన బల్ల దగ్గర్నుంచి భార్య నింపాదిగా లేచి వచ్చి, ఫ్రేముకి 'అమ్ముడుపోయింది' అన్న చీటీ అంటించింది. "ఇది అయిపోయిందండీ. మిగతావి నిదానంగా చూడండి."

జనం గోడల వెంట కదిలారు, ఈసారి నిజంగా చూస్తూ. కూరగాయలావిడ తుపాను మబ్బుల్ని, పెద్దాయన ఒక సూర్యోదయాన్ని కొనుక్కున్నారు.

"ఎవరు కొన్నారే దాన్ని?" అన్నాడు భర్త.

"నేనే."

"మరి మా నాటకం..."

"రేడియోకి చెప్పి రహస్యమంటే ఎలా? నిన్న సాయంత్రమే వార్తలు విన్నాను."

"స్నానాలగదికి అడ్డమన్నావుగా!"

"అడ్డమన్నాను. వద్దన్నానా? రోజూ దాని ముందు ఆగిపోయే కదా పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి." ఆమె గొంతు తగ్గింది. "ఏమండీ, అల నిజంగా ఇలాగే వెలుగుతుందా?"

"ఇంతకన్నా ఎక్కువ."

"అయితే రేపు నన్నూ తీసుకెళ్ళండి."

"అంత పొద్దున్నే లేవగలవా?"

"మీరు బయల్దేరేటప్పటికి టీ ఎవరు పెడుతున్నారనుకున్నారు, చేపలా? రేపు మీరు పెట్టండి."

ఆయన బుద్ధిగా తలూపాడు. పంచదార డబ్బా ఎక్కడుంటుందో అడగడానికి మాత్రం ధైర్యం చాలలేదు.