టైలరక్క కుర్చీ ఏ శాఖది?

ఆ ఉదయం టైలరక్క పెట్టుకున్న పని చిన్నదే. కొట్టు గుమ్మం ముందున్న గుంట మీద విరిగిన కుర్చీ ఒకటి అడ్డం పెట్టి, బడిపిల్లల యూనిఫారాలు మధ్యాహ్నానికల్లా కుట్టేసి, పెందలాడే ఇంటికి పోవాలి.

కాలువ మీది పలక విరిగి ఆ గుంట పడింది. క్రితం వారం అందులో అత్తగారి కాలు దిగబడింది. కొట్టులో గుండీలు కుట్టిపెట్టే ఆ పెద్దావిడ ఇప్పుడు కాలికి కట్టుతో కూర్చుని, గుండీకో తిట్టు చొప్పున నగరపాలక సంస్థను తిడుతోంది. టైలరక్క ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. రోడ్ల శాఖవాళ్లు గుంట కాలువల శాఖదన్నారు. కాలువల శాఖవాళ్లు, పలక రోడ్డు మీద ఉంది కాబట్టి రోడ్ల శాఖదన్నారు. ఆ సంస్థలో ఉన్న నియమం ఒక్కటే. పక్క శాఖ వస్తువును వేలితో కూడా ముట్టుకోకూడదు.

"వాళ్లను నమ్ముకుంటే నా రెండో కాలు కూడా పోతుందే అమ్మాయ్," అంది అత్తగారు.

"పోనిస్తానా అత్తయ్యా," అంటూ టైలరక్క మూడుకాళ్ల పాత కుర్చీని గుంట అంచుల మీద నిలబెట్టింది. లేని కాలు గుంట వైపుకి వచ్చింది. ఎవరూ కూర్చోకుండా దానికి ఎర్రగుడ్డ పీలిక కట్టింది.

సరిగ్గా అదే వారం నగరపాలక సంస్థ ఆ వీధిని ఆదర్శ వీధిగా మార్చడానికి నడుం కట్టింది. భద్రత పెరగాలి, వాడ అందంగా ఉండాలి, వ్యాపారాలు కళకళలాడాలి అని మేయరు గారి కోరిక. మొదట టైల్స్ పరిచే మేస్త్రీ వచ్చాడు.

"ఈ కుర్చీ ఏ శాఖదమ్మా?"

"నాదే. కింద గుంట ఉంది, ముందు దాని సంగతి చూడు నాయనా."

"గుంట మాది కాదు. ఎర్రగుడ్డ కట్టారంటే కరెంటువాళ్లదై ఉంటుంది, మనకెందుకు," అని కుర్చీ చుట్టూ ముచ్చటగా టైల్స్ పరిచి వెళ్లిపోయాడు.

టైల్స్ వాళ్లే వదిలిపెట్టారంటే ఏదో ముఖ్యమైన వస్తువేనని రంగులవాళ్లు దాని చుట్టూ పసుపు గీత గీశారు. పసుపు గీత చూసి కరెంటువాళ్లు దాని నెత్తిన వెలుగు పడేలా పక్కనే దీపస్తంభం పాతారు. ఇంత వెలుగులో ఉన్నదానికి కాపలా లేకపోతే బాగుండదని భద్రతా విభాగం కెమెరా బిగించి, ఇనుప కంచె వేసి, ఈల ఇచ్చి ఒక మనిషిని నిలబెట్టింది. ఆ కంచె తిన్నగా కొట్టు గుమ్మానికి అడ్డం పడింది.

యూనిఫారాల కోసం వచ్చిన తల్లులు కంచె అవతలినుంచే చూసి వెనుదిరిగారు. పాత ఖాతాదారు ఒకాయన మాత్రం పట్టువదలకుండా ప్యాంటు కొలతలు రోడ్డు మీంచే అరిచి చెప్పాడు. నడుము కొలత విని వీధంతా నవ్వింది. ఆయన మళ్లీ రాలేదు.

టైలరక్కకు ఒళ్లు మండింది. చీకాకుగా వచ్చి కుర్చీ మీద చెయ్యి వేసింది. వెంటనే ఈల మోగింది.

"ప్రభుత్వ ఆస్తమ్మా, ముట్టుకోకూడదు!"

"నా కుర్చీ అయ్యా!"

"సాక్ష్యం ఏంటి?"

"ఏళ్లతరబడి దాని మీద కూర్చున్నదాన్ని నేనున్నాగా," అని లోపలినుంచి అత్తగారు అరిచింది. "ఆ నాలుగో కాలు విరిగింది నా బరువుకే. ఇంకేం సాక్ష్యం కావాలి?"

సాయంత్రానికి వార్డు అధికారి దిగాడు. "రేపు మేయరు గారు వస్తున్నారు. మీ కొట్టు వల్ల కుర్చీ సరిగ్గా కనిపించట్లేదు. తెల్లారేసరికి ఖాళీ చేసి ఊరి చివర కొత్త సముదాయంలోకి వెళ్లిపోండి. అంతా వ్యాపారాభివృద్ధి కోసమేనమ్మా."

"వ్యాపారం నాదీ, అభివృద్ధి కుర్చీదా?"

"ఎదురు మాట్లాడకండి."

"మాట్లాడతాను. ఈ గుంట పూడేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను. ఏం చేసుకుంటారో చేసుకోండి!"

ఆమెకు భయం వేయకపోలేదు. ఆ కొట్టు పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా కుట్టుమిషన్ను గుమ్మంలోకి లాక్కుని కూర్చుంది. అత్తగారు కట్టున్న కాలును తీసి దర్జాగా కంచె మీద చాపింది. ఆ కాలు ఏ శాఖ కిందికి వస్తుందో తెలియక అధికారి దాన్ని కదిలించే సాహసం చేయలేదు.

మర్నాడు మేయరు గారు పత్రికలవాళ్లతో సహా వచ్చారు. టైల్స్, గీత, దీపం, కెమెరా, కంచె, వాటి నడుమ కుర్చీ చూసి ఆగిపోయారు.

"ఇదేమిటయ్యా?"

అధికారికి చెమటలు పట్టాయి. "చిరువ్యాపారుల గౌరవార్థం పెట్టిన స్మారకం సార్."

"బ్రహ్మాండం! అయితే నేను కూర్చున్నట్టు ఒక ఫోటో తీయండి."

"కూర్చోకండి సార్, కింద గుంట!" అని టైలరక్క కేక వేసింది.

"గుంట మన శాఖది కాదు సార్," అన్నాడు అధికారి, అలవాటు కొద్దీ.

మేయరు గారు అప్పటికే కూర్చున్నారు. మరుక్షణం నడుము దాకా గుంటలో ఉన్నారు. నలుగురూ పట్టి పైకి లాగేసరికి ప్యాంటు వెనక నిలువునా చిరిగింది. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, కంచె దాటి, టైలరక్క కొట్టులోకి దూరి తెర చాటున నక్కారు. ప్యాంటు మాత్రం తెర మీంచి బయటికి వచ్చింది.

"త్వరగా కుట్టమ్మా, బయట పత్రికలవాళ్లున్నారు!"

టైలరక్క దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది. "సూదిలో దారం ఎక్కించాను సార్. గుంట మీద పలక పడితే మొదటి కుట్టు. కంచె లేస్తే రెండోది."

"నన్నే బెదిరిస్తున్నావా?"

"అయ్యో, లేదు సార్. ముందు ఈ ప్యాంటు ఏ శాఖదో తేలాలి కదా."

అత్తగారు జాలిపడి, బడిపిల్లల నిక్కరొకటి తెర పక్కనుంచి అందించింది. "ఈలోగా ఇది తగిలించుకో నాయనా."

తెర వెనకనుంచి మేయరు గారు పెట్టిన కేకకు రోడ్ల శాఖ, కాలువల శాఖ మొదటిసారి ఒకే పలకను చెరోవైపు పట్టుకుని మోశాయి. అధికారి స్వయంగా సిమెంటు కలిపాడు. కాపలా మనిషి కంచె విప్పాడు. కుట్లు పడ్డ ప్యాంటుతో బయటికొచ్చిన మేయరు గారు, ఈ కొట్టే ఆదర్శ వీధికి అందమనీ, దీన్ని ఎవరూ కదిలించరాదనీ పత్రికలవాళ్ల ముందు ప్రకటించారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది అధికారే.

తెల్లారేసరికి ఆ వార్డులో గుంట ఉన్న ప్రతి గుమ్మం ముందూ ఎర్రగుడ్డ కట్టిన మూడుకాళ్ల కుర్చీ వెలిసింది. విరిగింది దొరకనివాళ్లు మంచి కుర్చీకే ఒక కాలు కోసేశారు.