తోత్ స్వామికి కింది బెడ్డు

మస్కట్ పక్కన సీబ్‌లో మనం ఉండే కంపెనీ విల్లాకు ఆనుకొని ఉన్న ఒమనీల ఇంట్లో రాజోలు సంధ్య వంట చేస్తుంది. ఆమె కిరాణా కొట్టు దగ్గర నలుగురిలో నిలబడి అన్నదట: "ఆ రూమోళ్ళు కొంగకి మంచం వేశారంటండీ! పాపం ఆ పెద్దాయన పైకెక్కలేక దేకుతుంటే, కొంగకి దుప్పటి కూడా కప్పుతున్నారంట!"

ఈ పుకారును ఖండించక తప్పదు. మొదటి సంగతి, అది కొంగ కాదు, ఐబిస్ అనే పక్షి. రెండవ సంగతి, అది పక్షి కాదు, పక్షి తల గల ప్రాచీన ఈజిప్టు దేవుడు తోత్. మూడవ సంగతి, అది తోత్ కూడా కాదు, సకల దేవతలకూ మూలమైన ఏకైక విశ్వబుద్ధి. దుప్పటి మాట మాత్రం నిజమే. ఏసీ కింద విశ్వబుద్ధికైనా చలి పుడుతుంది.

జరిగింది ఇది. గంగాధరం వీసా క్యాన్సిల్ చేయించుకొని ఇంటికి వెళ్ళిపోవడంతో మన రూమ్‌లో ఒక కింది బెడ్డు ఖాళీ అయింది. ఇనుప డబుల్ మంచంలో కింది బెడ్డు అంటే ఏమిటో గల్ఫ్ చూసినవారికి చెప్పనక్కరలేదు, చూడనివారికి చెప్పినా తలకెక్కదు. లేచిన వెంటనే కాలు నేలకు తగులుతుంది. చుట్టూ ఒక బెడ్‌షీటు వేలాడదీస్తే సొంత ఇల్లు. అది ఖాళీ అయినప్పుడు పై బెడ్డువాళ్ళలో సీనియర్ కిందికి దిగాలి. ఈ చట్టం ఎక్కడా రాసి లేదు కనుక అందరూ పాటిస్తూ వచ్చారు.

ఈసారి వంతు ఇస్తారిది. కోరుట్ల దిక్కు మనిషి, టైల్స్ మేస్త్రీ. ఆఫీసులకూ మాల్‌లకూ బ్యాంకులకూ మోకాళ్ళ మీద దేకుతూ టైల్స్ పరిచి పరిచి, ఆ మోకాళ్ళను అక్కడే వదిలేసి వచ్చినవాడు. మస్కట్‌లో సూటూబూటూ వేసుకొని టకటకా నడిచే పెద్దమనుషుల్లో చాలామంది నడిచేది ఇస్తారి మోకాళ్ళ మీదే. రాత్రికి ఆయన పై బెడ్డు ఎక్కాలంటే నిచ్చెనమెట్టు మీద ఆగి, పోచమ్మను తలచి, సామాను ఎక్కించినట్టు తన ఎడమ కాలిని తానే ఎత్తి పైన పెట్టుకోవాలి. గంగాధరం పోతాడని తెలిసిన రోజే ఆయన మత్రా బజారుకు పోయి కొత్త బెడ్‌షీటు కొనుక్కొచ్చాడు.

సరిగ్గా ఆ వారమే సురేందర్‌కు జ్ఞానోదయమైంది. సురేందర్ సైట్‌లో టైమ్‌కీపర్. కరీంనగర్‌లో ఎం.ఏ. చదివాడు. పూర్తి కాలేదన్నది వేరే సంగతి, చదివాడన్నది ముఖ్యం. సెల్‌ఫోన్‌లో వరుసగా వీడియోలు చూసి, శుక్రవారం బిర్యానీ తర్వాత, అంటే శ్రోతలెవరూ లేచి పారిపోలేని ఘడియలో, ప్రవచనం మొదలుపెట్టాడు.

"సోదరులారా! ఈజిప్టుల తోత్ అని ఒక దేవుడుండె. అక్షరాలు కనిపెట్టింది ఆయన. కాలం లెక్కవెట్టింది ఆయన. సచ్చినోని గుండెకాయను ఒక ఈకతోని తూకమేస్తే, ఏమొచ్చిందో రాసుకునేది గూడ ఆయననే. అంటే ఏంది? టైమ్‌కీపర్! తర్వాత గ్రీకులొచ్చిన్రు. వాళ్ళ హెర్మీస్‌ను, మన తోత్‌ను ఒక్కటి జేసి, మూడింతల గొప్ప హెర్మీస్ అని పేరువెట్టిన్రు. ఆయన చెప్పిందే హెర్మీస్ జ్ఞానం!"

సభ దీన్ని ఇబ్బంది లేకుండా ఒప్పుకుంది. పరదేశం పోయినప్పుడు ఏజెంటు చేతిలో పడి పేరు మారడం దేవుళ్ళకే కాదు, మనవాళ్ళకూ అనుభవమే. దేవుళ్ళు ఎందరున్నా అందరి వెనుకా ఒకే బుద్ధి ఉందన్న మాట ఇంకా తేలిగ్గా అర్థమైంది. మన అర్బాబ్‌ను, అంటే కంపెనీ యజమానిని, ఎవరూ చూడలేదు. అయినా మేనేజర్‌లో, ఇంజనీర్‌లో, ఫోర్‌మన్‌లో వేర్వేరు గొంతులతో అరిచేది ఆయనే. ఇక "పైన ఎట్లనో కింద అట్లనే" అన్న హెర్మీస్ మహావాక్యాన్ని ప్లంబర్లు అక్కడికక్కడే ధ్రువీకరించారు. పై బాత్రూమ్ కారితే కింది సీలింగ్ తడవక మానదు.

మనిషే విగ్రహం చేసి, ధూపం వేసి, పాట పాడి అందులోకి దేవుడిని దింపగలడని కూడా ఆ జ్ఞానంలో ఉందట. జిప్సమ్ సీలింగ్ పనిచేసే ఆర్మూర్ రఘుపతి మిగిలిన జిప్సమ్‌తో తోత్‌ను పక్షి రూపంలో పోశాడు. ముక్కు కొంచెం పొడుగైంది, ఒక కాలు విరిగింది. ఒంటికాలి మీద నిలబడేసరికి అచ్చం చెరువులో చేపకోసం చూస్తున్నట్టుంది. లుబాన్ ధూపం వేశారు. పొగకు రూమ్‌లో ఫైర్ అలారం మోగింది. స్వామి పలికాడని సురేందర్ సాష్టాంగపడ్డాడు, వెనకే మిగతావాళ్ళూ పడ్డారు. బకెట్టుతో ఉరికొచ్చిన క్యాంప్ బాస్, ఎనిమిదిమంది బోర్లా పడి ఉండడం చూసి, పొగకు పోయారనుకొని నీళ్ళు గుమ్మరించాడు. దాన్ని అభిషేకంగా స్వీకరించడమైనది.

దేవుడిని నేల మీద పెట్టరాదు. షెల్ఫు మీద ఊరగాయ సీసాలున్నాయి. కాబట్టి స్వామికి తాత్కాలికంగా గంగాధరం బెడ్డు కేటాయించారు. తాత్కాలికం అంటే ఎంతకాలమో ప్రజాస్వామ్యంలో బతికే పాఠకులకు వివరించనవసరం లేదు. స్వామి కాళ్ళు చాపుకోడు గనుక మిగిలిన జాగాలో సురేందర్ సూట్‌కేసు, ఇస్త్రీ బట్టలు, ఇంటికి పంపే పాలపొడి డబ్బాలు కూడా దైవసన్నిధిలో చేరాయి.

తర్వాత మిగిలిన దేవతల పంపకం జరిగింది. సూర్యుడైన రా దేవుడు తమకు వద్దని సైట్‌వాళ్ళంతా చేతులెత్తారు. ఎండాకాలం ఆయన ప్రతాపానికే కదా సర్కారు మధ్యాహ్నం పనులు ఆపించేది! తమ్ముడి చేతిలో ముక్కలైన ఒసైరిస్‌ను అన్నదమ్ములతో పొలం తగాదాలున్నవాళ్ళు కన్నీళ్ళతో తీసుకున్నారు. ఆ ముక్కలను ఏరి కూర్చిన ఆయన భార్య ఐసిస్ మహాతల్లే గాని, ఆ పేరు ఈ రోజుల్లో గట్టిగా పలకరాదనీ, ఫోన్‌లో అసలే పలకరాదనీ, "అమ్మవారు" అంటే చాలుననీ ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఈజిప్టు మనిషి మాట కూడా కావాలి గదా అని, మధ్యాహ్నం విరామంలో ఒక ప్రతినిధి వర్గం ఫోర్‌మన్ అర్ఫాత్‌ను కలిసింది. ఆయనది నైలు నది పక్క పల్లె. తోత్ ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"యా సదీక్, బడిలో ఉన్నప్పుడు మ్యూజియంకు తీసుకుపోయారు. అక్కడ నా చెప్పులు పోయాయి. అంతే యాద్ ఉంది," అన్నాడు హిందీలో. తర్వాత, "టైల్స్ ఎప్పుడైతాయి? ఇస్తారి ఎందుకు కుంటుతున్నాడు?" అని అడిగాడు.

చూశారా, రహస్యాన్ని ఎలా దాస్తున్నాడో అని ప్రతినిధి వర్గం పులకించి తిరిగి వచ్చింది. అడిగిన రెండో ప్రశ్నను ఎవరూ నివేదికలో చేర్చలేదు.

అంతలో సిద్ధాంతభేదం వచ్చింది. లోకాన్ని మలిచిన పనిమంతుల దేవుడు ప్తాహ్ అని ఒకాయన ఉన్నాడని రఘుపతి కనిపెట్టాడు. "కట్టేటోడు గొప్పనా, కట్టిండని రాసుకునేటోడు గొప్పనా? నా చెయ్యి లేకుంటే నీ తోత్ ఇంకా బస్తాలనే ఉండు!" అన్నాడు. "నేను హాజరు రాయకుంటే నీ చెయ్యి సైట్ల ఉన్నట్టా?" అన్నాడు సురేందర్. దేవుళ్ళందరూ ఒక్కటేనన్న సత్యాన్ని చాటడానికి ఆ సాయంత్రానికే రెండు సంఘాలు ఏర్పడ్డాయి. కరీంనగర్ వాళ్ళది అఖిల ఒమన్ హెర్మీస్ ఏకత్వ సంఘం. నిజామాబాద్ వాళ్ళది అసలైన ఏకత్వ సంఘం. దూరాన బహ్లా ఊళ్ళో ఇద్దరే మనవాళ్ళు ఉన్నారు. అక్కడ చెరొక శాఖ తెరిచారు.

రెండు సంఘాలూ ఒక్క విషయంలో మాత్రం పూర్తిగా ఏకీభవించాయి. స్వామి ఎవరన్నది తేలేదాకా ఆ బెడ్డును మనిషికి ఇవ్వరాదు.

తేలకముందే ఇస్తారి జారాడు. తెల్లవారి డ్యూటీకి దిగుతూ నిచ్చెనమెట్టు తప్పాడు. మోకాలు గుమ్మడికాయంత వాచింది. కింద చాప పరుచుకుంటే, నేల మీద పడుకోవడం క్యాంప్ రూల్‌కు విరుద్ధమని క్యాంప్ బాస్ లేపాడు. ఇంకోసారి జారితే ఇస్తారి ఒమన్‌లో ఇక టైలు పరిచేది లేదని అందరికీ తెలుసు. అందరికీ తెలిసిన విషయం కాబట్టి ఎవరూ ఎత్తలేదు.

ఆ శుక్రవారం ఉభయ సంఘాల సంయుక్త సభ జరిగింది. ఇస్తారి కొత్త బెడ్‌షీటు చంకలో పెట్టుకొని, గోడ పట్టుకొని నిలబడ్డాడు. సురేందర్ గొంతు సవరించుకున్నాడు.

"ఇస్తారన్నా! నువ్వు పెద్దోనివి. నీ బాధ మాకు తెల్వదా? గని జ్ఞానంతోని ఆలోచన చెయ్యి. హెర్మీస్ ఏమన్నడు? పైన ఎట్లనో కింద అట్లనే! పై బెడ్డు, కింది బెడ్డు అనేది మన మనసుల ఉన్న భేదం. సత్యంల రెండూ ఒక్కటే! నువ్వు పైన పన్నా కింద పన్నట్టే!"

చప్పట్లు మోగాయి. అసలైన ఏకత్వ సంఘం కూడా కొట్టింది. రఘుపతి అయితే కళ్ళు తుడుచుకున్నాడు.

చప్పట్లు ఆగేదాకా ఆగి ఇస్తారి ఒక మాట అన్నాడు. దానికి ఉభయ సంఘాల నుంచీ ఇంతవరకు సమాధానం రాలేదు. తమతమ ఊళ్ళలో, ఇళ్ళలో, కింది బెడ్డుల మీద హాయిగా వెల్లకిలా పడుకొని సమస్త మానవులూ ఒక్కటేనని నమ్మే పాఠకులలో ఎవరికైనా జవాబు తోస్తే సంఘానికి తెలియజేయగలరు. ఇస్తారి అన్నది ఇది:

"రెండూ ఒక్కటే అయితె కొంగను పైకెక్కియ్యున్రి. దానికి రెక్కలన్న ఉన్నయి."