అడిగితేనే అట్ట

మామగారి నోటుపుస్తకాల వర్క్‌షాపులో ఆర్డరు తీసుకున్న పన్నెండో రోజుకి గానీ సరుకు గడప దాటేది కాదు. పక్క వీధిలో కొత్తగా దిగినవాడు ఆరు రోజుల్లోనే ఇస్తున్నాడు. ఇలాగైతే ఏడాది తిరిగేసరికి తాళం వేసుకోవాల్సిందేనని బెంగపడి, వర్క్‌షాపు నడుపుతున్న అల్లుడు రెండు రోజుల శిక్షణకు వెళ్లి, వృథా తగ్గించే 'లీన్' పద్ధతి నేర్చుకొచ్చాడు. పుస్తకం తయారీకి పట్టేది ఒక పూటే, మిగతా రోజులన్నీ బల్లకీ బల్లకీ మధ్య గుట్టల్లో పడి నిద్రపోతోందని తేల్చాడు.

సోమవారం పొద్దున్నే ఆ గుట్టలు తీయించి, గోడకు మూడు రూల్సు అంటించాడు. తర్వాతి మనిషి అడిగితేనే ముందు మనిషి పని మొదలుపెట్టాలి. అడిగితే ఒకసారికి పది పుస్తకాలే ఇవ్వాలి. అడిగేదేదో నోటితో నేరుగా అడగాలి, మధ్యవర్తులు కూడదు. మధ్యవర్తి అంటే శుద్ధ వృథా అని శిక్షణలో నొక్కి చెప్పారు మరి. పన్నెండింటికి యాభై పుస్తకాలు చూపిస్తే బడి హెడ్‌మిస్ట్రెస్ ఏడాది ఆర్డరంతా ఇస్తానంది. ఆవిణ్ణి తీసుకురావడానికి హుషారుగా బయల్దేరాడు.

పాపం, ఒక్క సంగతి మరిచాడు. అందరికంటే ముందు అడగాల్సింది చివరి బల్ల దగ్గర కట్టలు కట్టే అత్తగారు. ఆవిడ అడగాల్సింది అట్టలు వేసే మామగారిని. వాళ్లిద్దరికీ మాటల్లేక రెండేళ్లు. కట్టలు వదులుగా ఉంటున్నాయని ఆయన నలుగురిలో అన్నందుకు ఆవిడ మూసిన నోరు మళ్లీ తెరవలేదు. ఇంట్లోనూ పనిలోనూ ఏ కబురైనా కూతురే మోసేది. ఆ ఏర్పాటు ఎంత అలవాటైందంటే, రూల్సు రాసేటప్పుడు అల్లుడికి గుర్తే రాలేదు.

అత్తగారు పురికొస ముందు పెట్టుకుని కూర్చున్నారు. మామగారు జిగురు కలుపుకుని కూర్చున్నారు. నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా అని గొణుక్కుంటూ కూతురు మధ్యలోకి రాబోతే, మామగారు గోడవైపు వేలు చూపించారు.

"మధ్యవర్తులు వద్దన్నాడు మీ ఆయన."

తండ్రి అడగందే తను కుట్టడానికి లేదు. తను అడగందే కటింగ్ మేస్త్రి కాగితం కోయడానికి లేదు. మేస్త్రి మిషనుకు ఆనుకుని హాయిగా కునుకు తీశాడు.

పదకొండింటికి అల్లుడు ఫోన్ చేసి ఎక్కడైనా గుట్టలున్నాయా అని భార్యను అడిగాడు. ఒక్కటీ లేదంది. ఎవరైనా కంగారు పడుతున్నారా అన్నాడు. లేదు, అందరూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారంది. అసలు సంగతి చెప్పబోయేలోపే ఫోన్ పెట్టేసి, పని అప్పుడే అయిపోయిందండీ అని హెడ్‌మిస్ట్రెస్‌కు గొప్పగా చెప్పాడు.

సరిగ్గా పన్నెండింటికి ఆవిడ లోపలికొచ్చి, అద్దాల్లాంటి బల్లలు చూసి మెచ్చుకుంది.

"శుభ్రంగా ఉంది. పుస్తకాలేవి?"

ఒక్క పుస్తకమైనా ఉంటేగా! ఆవిడ గడియారం చూసుకుని, రెండింటికి మళ్లీ వస్తాననీ, యాభై లేకపోతే అటునుంచటే పక్క వీధికి వెళ్తాననీ చెప్పి వెళ్లిపోయింది.

అల్లుడు గోడమీది కాగితం చింపబోయాడు.

"ఉండనివ్వండి అల్లుడుగారూ," అన్నారు అత్తగారు. కూతురి మొహం పాలిపోయి ఉంది. ఆవిడ పిల్లవైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుని, మామగారి వైపు తిరిగారు.

"ఏమండీ, ఒక పది ఇస్తారా?"

మామగారు బ్రష్ అందుకున్నారు.

"ఎప్పుడడుగుతావా అని రెండేళ్లుగా చూస్తున్నాను," అన్నారాయన.

వెంటనే ఆయన కూతుర్ని అడిగారు, కూతురు మేస్త్రిని తట్టి లేపి మరీ అడిగింది. కాగితం కదిలింది. రూలు ప్రకారం ఇవ్వాల్సింది పది, మామగారు అడిగిన ప్రతిసారీ ఇచ్చింది పన్నెండు. తొందరలో లెక్క తప్పానన్నారు. రెండింటికి హెడ్‌మిస్ట్రెస్ వచ్చేసరికి యాభై దాటి పుస్తకాలున్నాయి. ఆవిడ అక్కడే నిలబడి ఏడాది ఆర్డరు రాసిచ్చింది. అమ్మయ్య అనుకుంటూ అల్లుడు స్టూలుమీద కూలబడ్డాడు.

సాయంత్రం శిక్షణ ఇచ్చినాయన ఫోన్ చేసి, పాత నిల్వలేమైనా మిగిలాయా అని అడిగాడు. లోపల అత్తగారు రెండేళ్లుగా దాచుకున్నవన్నీ వరసపెట్టి చెబుతున్నారు, మామగారు బుద్ధిగా వింటున్నారు.

"ఉన్నాయి సార్," అన్నాడు అల్లుడు. "ఇవాళ్టితో తెమిలేలా లేవు."