బూట్లు వేసుకోని వాలంటీరు

శనివారం పొద్దున ఏడింటికి మొదలుపెట్టి, తొమ్మిదిన్నరకల్లా మూడువందల మొక్కల మొదళ్ళకు చెక్కపొట్టు కప్పేయాలి. పదింటికి కౌన్సిల్ మనిషి వస్తే చేతులు కడుక్కుని నవ్వుతూ ఎదురెళ్ళాలి. టీగన్ వేసుకున్న లెక్క ఇంతే. పసిదాని బండిలో రెండు టోపీలు, మూడు జతల బట్టలు, నాలుగు పాలసీసాలు సర్దుకుంది. ఇల్లు అక్కడికి అయిదు నిమిషాల నడక.

బ్రిస్బేన్ శివార్లలోని ఆ వాగు వాలు ఒకప్పుడు మనిషి దూరలేని లంటానా కంప. పన్నెండేళ్ళుగా ప్రతి శనివారం పదిమంది చేరి ఆ కంప కొట్టి, వేళ్ళు పెకలించి, ఆ నేలకు చెందిన చెట్లనే మళ్ళీ నాటారు. ఇప్పుడక్కడ చిన్న కంగారూల్లాంటి వాలబీలు పొట్టసంచిలో పిల్లలతో వచ్చి మేస్తున్నాయి. అది చూస్తే టీగన్‌కు తన పిల్ల మొదటిసారి బోర్లాపడ్డప్పటిలాగే ఛాతీ ఉప్పొంగుతుంది.

గుంపుకు పెద్ద మెర్ల్. మోకాలి ఆపరేషన్‌కు వెళుతూ గేటు తాళంచెవి టీగన్ చేతిలో పెట్టింది. "పై వాలు కూడా మనకిస్తారో, గడ్డి కోసే కాంట్రాక్టరుకిస్తారో శనివారం తేలిపోద్ది. కాంట్రాక్టరు మిషను దిగిందంటే వాటంతటవే మొలిచిన మొక్కలన్నీ సఫా. నువ్వే చూసుకోవాలి తల్లీ."

పదో తరగతితో బడి మానేసిన తనకు ఇంత పని అప్పజెప్పడమేమిటని టీగన్ మూడు రోజులుగా సరిగ్గా అన్నం తినలేదు.

పొట్టు లారీవాడు సోమవారమే గేటు పక్కన కుప్ప పోసి పోయాడు. గేటులో సగం మూసుకుపోయినా ఒక బండి దూరే సందు మిగిలింది. అంతా బాగానే ఉంది, కుప్పమీద ఆ అడవి టర్కీ పుంజు లేకపోతే. నల్లటి ఒళ్ళు, ఎర్రటి బోడితల, మెడకు పసుపుపచ్చ పట్టీ. గుడ్లు పొదగడానికి ఆకూ అలమూ గుట్ట పోసే జాతి అది. రెడీమేడ్ గుట్ట దొరికితే వదులుతుందా?

"అది దాని ఇల్లనుకుంటోంది," అంది లోసా. ఆసుపత్రిలో నర్సు. సమోవా నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది.

"అనుకోనీ. మనం తీసుకుపోతూనే ఉందాం," అన్నాడు డెస్. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. ఎవరు దారికి అడ్డొచ్చినా హారన్ కొట్టడమే ఆయన పద్ధతి.

వాళ్ళు పారలతో ఎత్తి, తోపుడు బండితో పైకి తోసుకెళ్ళి మొక్కల మొదట్లో పరిచారు. టర్కీ వెనకాలే వెళ్ళి, వెనక్కి తిరిగి, కాళ్ళతో బరబరా లాక్కుంటూ కిందికి తెచ్చుకుంది. ఎనిమిదిన్నరకు చూస్తే మొక్కల దగ్గర పొట్టు లేదు. కుప్ప మాత్రం పొద్దుటికంటే పెరిగింది, ఎందుకంటే అది దారిలో ఎండుటాకులు కూడా ఊడ్చుకొచ్చింది.

"కొట్టకుండా తరిమే ఉపాయం ఏదైనా చెప్పండి డెస్," అంది టీగన్ ఏడుపు గొంతుతో.

"అద్దం పెడదాం. దాంట్లో ఇంకో పుంజుందనుకుని దానితో కొట్లాడుకుంటూ కూర్చుంటుంది. మా బావమరిది ఇంట్లో పనిచేసింది."

డెస్ ఇంటికెళ్ళి భార్య నిలువుటద్దం మోసుకొచ్చేసరికి కౌన్సిల్ బండి సందులోంచి లోపలికి వచ్చేసింది. అరగంట ముందే. అందులోంచి కాల్విన్ అనే ఆఫీసరు దిగాడు, చంకలో కాగితాల అట్టతో.

టీగన్ పిల్లబండి తోసుకుంటూ అతన్ని పై వాలుకు నడిపించింది. ఆలస్యం చేయడానికి చెట్టు చెట్టు దగ్గరా ఆగింది. ఇది ఎప్పుడు మొలిచింది, దీని పళ్ళు ఏ పావురాలు తింటాయి, ఈ తొర్రలో ఎవరుంటారు అని చెప్పింది. భయంతో మొదలుపెట్టిందే గాని, చెబుతూ చెబుతూ భయం సంగతి మరిచిపోయింది. కాల్విన్ రాసుకోవడం మానేసి వింటున్నాడు.

కిందినుంచి బర్ర్ బర్ర్‌మని చప్పుడు.

"అదేంటి?"

"మావాళ్ళలో ఒకరు పొట్టు లాగుతున్నారు," అంది టీగన్. అది అబద్ధం కాదని తనకు తానే చెప్పుకుంది.

"గంట నుంచి ఆపలేదే. ఎవరాయన?"

"కొత్తగా వచ్చాడండీ. నల్లబట్టలు, ఎర్రతల."

"పేరు రాసుకుంటాను. భద్రతా శిక్షణ అయిందా? బూట్లు వేసుకున్నాడా?"

"లేదండీ. ఉత్తికాళ్ళే."

కాల్విన్ కనుబొమలు ముడిపడ్డాయి. బూట్లు లేకుండా వాలంటీరుచేత పని చేయించడం కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధమట. అదొక్కటి చాలు ఈ గుంపును పక్కన పెట్టడానికి. ముందు ఆ మనిషిని చూడాలంటూ అతను దిగువకు నడిచాడు. పై వాలు చేతికి రాకముందే జారిపోయినట్టయింది టీగన్‌కు.

కింద గేటు కనిపించలేదు. డెస్ అద్దాన్ని ఆ సందులోనే నిలబెట్టాడు. టర్కీ అద్దంలో శత్రువును చూసి, కొట్లాడడానికి బదులు వాణ్ణి పాతేయడానికి సిద్ధపడింది. కుప్పంతా అటు లాగి, శత్రువును మెడదాకా పాతి, ఇప్పుడు నెత్తిన ఆకులు వేస్తోంది. డెస్ టోపీ కూడా గుట్టలో ఉంది.

"వీడేనా మీ కొత్త వాలంటీరు?" అన్నాడు కాల్విన్.

"క్షమించండి. నిజం చెబితే పై వాలు మాకివ్వరేమోనని భయపడ్డాను. తప్పు నాదే, వీళ్ళది కాదు."

లోసా పార కింద పెట్టి మోకాళ్ళమీద కూర్చుంది. "చెల్లీ, ఇక్కడ గుడ్డుంది. ఇందాక వచ్చిన పెట్ట పెట్టి పోయినట్టుంది, వెచ్చగా ఉంది."

తెల్లటి పెద్ద గుడ్డు. టీగన్ అది చూసి అన్నీ మరిచిపోయింది. తాము నాటిన చోట, తాము తెప్పించిన పొట్టులో. "మెల్లిగా కప్పేయి అక్కా, చల్లారిపోద్ది," అంది పసిదానికి దుప్పటి కప్పుతున్న గొంతుతో.

కాల్విన్ అట్టమీది కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. "గుడ్డు పెట్టిన గుట్టను కదపకూడదు. ఒక్క పార కూడా. అది మా రూలే."

"ఎన్నాళ్ళు?" అన్నాడు డెస్.

"పెట్టలు ఇంకా వచ్చి పెడుతూనే ఉంటాయి. పిల్లలన్నీ బయటికొచ్చేదాకా. జనవరి అనుకోండి."

అందరూ గేటు వైపు చూశారు. గడ్డికోత మిషను దూరే దారి అదొక్కటే. మనుషులకైతే కంచె చివర నడకదారి ఉంది, పిల్లబండి కూడా పడుతుంది.

కాల్విన్ కలం తీశాడు. "కాంట్రాక్టరు రాలేడు కాబట్టి... పై వాలు చేతిపనితో చేసేవాళ్ళకే ఇవ్వాలి. ఆ చెట్ల గురించి మీరు చెప్పిందంతా రిపోర్టులో రాస్తాను. మీరు చదివిందేమిటి, వృక్షశాస్త్రమా?"

"పదో తరగతి," అంది టీగన్. ఈసారి తల వంచుకోలేదు.

కాల్విన్ సంతకం పెట్టి, కరచాలనం చేసి, తన బండి వైపు నడిచి, గేటుకు అడ్డంగా ఉన్న గుట్టను చూసి సగంలో ఆగిపోయాడు. తర్వాత నడకదారిన బస్‌స్టాపుకు వెళ్ళాడు.

జనవరి దాకా ఆ అడవికి కౌన్సిల్ తరఫున కాపలా కాసింది ఆ బండి ఒక్కటే.