అవ్వ మంచం ఏ దేశంలో ఉంది?

ఈ ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా అసోవా గణతంత్రం వృద్ధి రేటులో పొరుగున ఉన్న డెంబో గణతంత్రాన్ని దాటి తీరుతుందని, దాటని పక్షంలో తాను పార్టీ ఉపాధ్యక్ష పదవిని వదులుకుని కేవలం మంత్రిగా మాత్రమే కొనసాగుతానని ఆర్థికాభివృద్ధి మంత్రి డాక్టర్ అమెవో ప్రకటించారు. ఇంతటి త్యాగానికి ఆ ఖండంలో మరే మంత్రీ సిద్ధపడిన దాఖలా లేదు. విలేకరులు చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్లకి ఫుఫూ ముద్దలూ, మేక పులుసూ పెట్టారు. కొట్టనివాళ్లూ తిన్నారు. ప్రజాస్వామ్యమంటే అదే.

ఆ సమయంలో మంత్రిగారి కుర్చీ వెనక గొడుగు పట్టుకుని నిలబడిన మనిషి ఫోలీ అగ్బేకో. వృద్ధి శాఖలో డిప్యూటీ డైరెక్టరు. దేశం ఎంత వేగంగా వృద్ధి చెందుతున్నా తను మాత్రం డిప్యూటీగానే ఉండిపోయాడన్నది అతని బాధ. డైరెక్టరు కుర్చీ ఖాళీగా ఉంది. డెంబోని దాటించినవాడికే ఆ కుర్చీ అని మంత్రిగారు నోటిమాటగా చెప్పి ఉన్నారు.

డెంబో ముందుకెలా వెళ్లిందో కనుక్కు రమ్మని ఫోలీని అంతకు ముందే పంపించారు. అతను వెళ్లి, చూసి, తిరిగొచ్చాడు.

"ఫ్యాక్టరీలు పెట్టారా?" అన్నారు మంత్రిగారు, విలేకరులు వెళ్లిపోయాక.

"లేదు సార్."

"కొంపదీసి పెట్రోలు పడిందా?"

"లేదు సార్. ఉత్తరాది పెద్ద దొర పోయాడు సార్."

మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలారు. "అదృష్టవంతులయ్యా!" అన్నారు.

ఆయన బాధలో అర్థం ఉంది. ఆ రెండు దేశాల తీరంలో పెద్దవాళ్లు పోవడమంటే మాటలు కాదు. శవాన్ని నెలల తరబడి శీతల గృహంలో ఉంచుతారు. ఈలోగా పోయినవాళ్ల బొమ్మతో గుడ్డ అచ్చు వేయిస్తారు. వచ్చేవాళ్లంతా అదే గుడ్డ కొని కుట్టించుకోవాలి. షామియానాలు, ప్లాస్టిక్ కుర్చీలు, బ్యాండు మేళాలు, మేకలు, తాటి సారా, కూలికి ఏడ్చే ఆడవాళ్లు, శవపేటికతో డాన్సు చేసే కుర్రాళ్లు, కూడలి కూడలికీ పోయినవారి నిలువెత్తు ఫోటోలు. ఇక పరామర్శకు వచ్చే ప్రతి బండినీ ఆపి డబ్బు గుంజడానికి పోలీసులు రోడ్డుకి అడ్డంగా వెదురు గడలు కడతారు. ఆ వసూళ్లని డెంబో ప్రభుత్వం 'దారి కాపలా సేవలు' అనే పేరుతో సేవారంగంలో కలిపేసింది. ఒక్క దొర పోయాడు, దేశం ముందుకు పోయింది.

"మరి మన దగ్గర అంత పెద్ద చావు ఎవరిదుందయ్యా స్టాకులో?"

ఫోలీ గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. డైరెక్టరు కుర్చీ కళ్ల ముందు మెదిలింది.

"మా అవ్వ ఉంది సార్."

ఫోలీ వాళ్ల అవ్వ పేరు అబ్లావి. తీరం పొడుగునా గుడ్డల వ్యాపారం చేసిన మనిషి. రెండు దేశాల్లోనూ ఆవిడ దగ్గర అప్పుకి అచ్చు గుడ్డ కొనని పెళ్లికూతురు లేదు. తల్లీ తండ్రీ లేని ఫోలీని వీపున కట్టుకుని సంతలు తిరిగి, పెద్ద చదువులు చదివించింది ఆవిడే. ఆవిడ పోతే పన్నెండు జిల్లాలు కదిలొస్తాయి.

"వయసెంత?"

"తొంభై దాటాయి సార్."

"ఆరోగ్యం?"

ఫోలీ తల వంచుకున్నాడు. "అక్కడే కాస్త ఇబ్బంది సార్. బాగానే ఉంది."

"ఫర్లేదు. దేశానికి ఓపికుంది," అన్నారు మంత్రిగారు పెద్ద మనసుతో.

'అవ్వ ఆశయ పథకం' అలా పుట్టింది. షామియానాల కాంట్రాక్టు మంత్రిగారి బావమరిదికీ, కుర్చీలది ఆ బావమరిది బావమరిదికీ, గుడ్డ అచ్చు మంత్రిగారి భార్యకీ దక్కాయి. అవినీతి అన్న మాట ఎక్కడా వినపడకూడదని మంత్రిగారు పట్టుబట్టి, కమీషను ప్రతిపక్షంతో సహా అందరికీ సమానంగా పంచారు. మాట వినపడలేదు.

చిక్కల్లా అవ్వ ఇంటితోనే వచ్చింది. వెనకటికి తెల్లవాళ్లు మ్యాపు మీద గీత గీసినప్పుడు అది బోమే గ్రామంలో సరిగ్గా అవ్వ ఇంటి మధ్యలోంచి పోయింది. వంటిల్లు అసోవాలో ఉంది, పడకగది డెంబోలో ఉంది. అవ్వ ఇన్నేళ్లుగా ఒక దేశంలో వండుకుని ఇంకో దేశంలో పడుకుంటోంది. ఆవిడకి ఎప్పుడూ ఏ ఇబ్బందీ కలగలేదు. కానీ ఊపిరి ఏ నేల మీద పోతే అంత్యక్రియలు ఆ నేల వాళ్లవే అన్నది ఆ తీరపు కట్టుబాటు. అవ్వ పడుకునేది డెంబోలో.

ఫోలీ ఆఘమేఘాల మీద బోమే వెళ్లాడు. అవ్వ పెరట్లో చేపలకి పొగబెడుతోంది.

"అవ్వా, రాత్రిళ్లు చలిగా ఉంటోంది కదా. మంచం వంటింట్లో వేసుకోరాదూ?"

"ఎన్నాళ్లకొచ్చావురా! వచ్చీరాగానే నా మంచం మీద పడ్డావేం? సంగతేంటో చెప్పు."

చెప్పాడు. ఆవిడ దగ్గరే పెరిగాడేమో, అబద్ధం చెప్పడం చేతకాలేదు. అవ్వ పొగలోంచి అతన్ని ఎగాదిగా చూసింది.

"గుడ్డ మీద నా బొమ్మ ఏ రంగులో వేయిస్తున్నారు?"

"నీలం, అవ్వా."

"వెధవల్లారా, నీలం రెండు ఉతుకులకి వెలిసిపోతుంది. నా మొహం వెలిసిపోతే జనం నన్నంటారు. ఎర్రమట్టి రంగు వేయించు." చేపలు తిరగేసింది. "అదిసరే, ఊరికి డాక్టరుని పంపించమని నీకు ఎన్నిసార్లు కబురు పెట్టాన్రా? పోయిన వానలకి జ్వరాలొచ్చి పిల్లలు పిట్టల్లా రాలిపోయారు. నీతో చదివిన యావా లేదూ, దాని ఇద్దరు పిల్లలూ పోయారు."

ఫోలీకి ఆ సంగతి తెలియదు. తెలియకపోవడం అతని తప్పు కాదు. పసిపిల్లలు పోతే ఆ తీరంలో గుడ్డ అచ్చు వేయించరు, మేళం పెట్టరు, ఎవర్నీ పిలవరు. తెల్లారకుండా తల్లీ, పిన్నీ తీసుకెళ్లి మట్టి చేసి వస్తారు. అందువల్ల ఆ చావులు ఏ అంకెల్లోకీ రావు.

"అది ఆరోగ్య శాఖ, అవ్వా. నాది వృద్ధి శాఖ," అన్నాడు నెమ్మదిగా.

"ఓహో. నేను పోయానో లేదో ఎవరు చెబుతారు మరి?"

"డాక్టరు వచ్చి చూసి సర్టిఫికెట్టు ఇవ్వాలి."

అవ్వ చేపల గరిటె కింద పెట్టి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఒరే ఫోలీ, నాకెందుకో ఇక్కడ అదోలా ఉందిరా. ఆ మంచం వంటింట్లోకి లాగు."

సాయంత్రానికి రాజధాని నుంచి జీపులో డాక్టరు దిగాడు. బోమే గ్రామం డాక్టర్ని చూడటం అదే మొదలు. ఆయన నాడి పట్టుకుంటే అవ్వ ఒక కన్ను తెరిచి, "ఇంకా టైముంది నాయనా. ఊరికే కూర్చోవడం ఎందుకు? వీళ్లని చూడు," అంది. పెరట్లో అప్పటికే ఆడవాళ్లు చంకన పిల్లలతో వరస కట్టి నిలబడ్డారు. ఆయనకీ వేరే పనేం లేదు. చీకటి పడేదాకా సూదులు వేశాడు.

మందులపెట్టె ఖాళీ అవగానే అవ్వకి వంటింటి పొగ పడలేదు. "ఊపిరాడటం లేదు, మంచం లోపలికి లాగండి," అంది. కబురు గీత దాటింది; ఆ చావు తమకే దక్కాలని మర్నాడు ఉదయానికి డెంబో డాక్టరు ఇంకా పెద్ద పెట్టెతో పడకగది కిటికీ దగ్గర హాజరు.

ఆ తర్వాత రెండు ప్రభుత్వాలూ చూపించిన శ్రద్ధ చరిత్రలో నిలిచిపోతుంది. అసోవా వంటిల్లు దాకా కరెంటు లాగింది. డెంబో పడకగది దాకా తారు రోడ్డు వేసింది. అసోవా ఊరి మధ్యలో ఏసీ శీతల గృహం కట్టి, పగలూ రాత్రీ ఆగని జనరేటరు బిగించింది. ఊళ్లోకెల్లా చల్లని చోటు అదే. అందులో చేపలు దాచుకుంటామని ఆడవాళ్లు అడిగితే, శవం వచ్చేదాకా ఎవర్నీ రానివ్వకూడదని కాపలావాడు చెప్పాడు.

ఊళ్లో ఏ పసివాడికి ఒళ్లు కాలినా అవ్వకి గుండెల్లో అదోలా అయ్యేది. మంచం ఇటు లాగేవారు, అటు లాగేవారు. ఒకరోజు తొందరలో మంచం గుమ్మంలో ఇరుక్కుపోయింది. తల అసోవాలో, కాళ్లు డెంబోలో. ఇద్దరు డాక్టర్లూ గుమ్మానికి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు.

"ఊపిరి ముక్కులోంచి పోతుందండీ. ముక్కు మాది," అన్నాడు అసోవా డాక్టరు.

"ముందు చల్లబడేవి కాళ్లు. వైద్యం చదివావా, వంట చదివావా?" అన్నాడు డెంబో డాక్టరు.

"అరవకండయ్యా, పిల్లలు జడుసుకుంటారు. ఆ చిన్నదాని చెవి చూడండి, చీము కారుతోంది," అంది మధ్యలోంచి అవ్వ.

ఆ వానాకాలం బోమేలో ఒక్క పసిబిడ్డ కూడా పోలేదు. ఈ విషయాన్ని రెండు ప్రభుత్వాల్లో ఏదీ గమనించలేదు.

వానలు వెళ్లిపోయాయి. ఆర్థిక సంవత్సరం చివరికొచ్చింది. అవ్వ మాత్రం వెళ్లలేదు. మంత్రిగారు ఫోలీని పిలిపించారు.

"ఏమయ్యా, మీ అవ్వకి దేశభక్తి లేదా?"

"ఉంది సార్. ఆయుష్షు కూడా ఉంది."

"గుడ్డ మీద తేదీ అచ్చు పడిపోయింది. ఇప్పుడెలా?"

ఆ తీరంలో ఏదైనా మార్చవచ్చు గానీ గుడ్డ మీద పడిన తేదీ మార్చడానికి లేదు. జనం కుట్టించేసుకున్నారు. మంత్రిగారే మార్గం చెప్పారు. అంత్యక్రియల్లో ముఖ్యమైనవి షామియానాలు, కుర్చీలు, గుడ్డ. శవం చిన్న వివరం. డాక్టరు సర్టిఫికెట్టు బదులు, పోయిందని దగ్గరి బంధువు ఒకడు సంతకం పెడితే చాలు.

ఫోలీ పెన్ను పట్టుకున్నాడు. వీపున మోసిన మనిషి గుర్తొచ్చింది. అయినా సంతకం మాత్రం స్పష్టంగా పడింది.

చెప్పిన తేదీకి చెప్పినట్టే జరిగింది. ఊరంతా ఎర్రమట్టి రంగు గుడ్డలో అవ్వ మొహాలే. దారి పొడుగునా వెదురు గడలే. ఎవరెంత చదివించారో మైకులో పేరుపేరునా చదివారు. అవ్వ కూడా అదే గుడ్డ కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. "గట్టిగా ఏడవండే, డబ్బులు తీసుకున్నారు కదా!" అని కూలి ఆడవాళ్లని అదిలించింది. మంత్రిగారు కన్నీళ్లు పెట్టుకుని, ఆవిడ లేని లోటు పూడ్చలేనిదని ఆవిడకే చెప్పారు. ఆవిడ ఆయన్ని ఓదార్చింది.

వారం తిరక్కుండా పడకగది వైపు డెంబో వాళ్లు ఇంకా పెద్ద మేళంతో అదే పని చేశారు. కుర్చీలు మాత్రం అవే. మంత్రిగారి బావమరిది బావమరిది అద్దెకిచ్చాడు. ఏడాది చివర అసోవా డెంబోని దాటిందని అసోవా, డెంబో అసోవాని దాటిందని డెంబో ప్రకటించాయి. రెండు రాజధానుల్లోనూ బాణసంచా కాల్చారు. ఫోలీ డైరెక్టరయ్యాడు.

సన్మానం చేస్తామంటే బోమే వచ్చాడు. ఉన్నట్టుండి వాన పట్టుకుంది. దోమలు ముసిరాయి. డైరెక్టరుగారికి చలి జ్వరం వచ్చి పళ్లు టకటకమన్నాయి. ఊళ్లో పిల్లలకీ మళ్లీ జ్వరాలు మొదలయ్యాయి. ఫోలీ దుప్పట్లోంచే తన ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"డాక్టర్ని పంపండయ్యా, అర్జంటు!"

"ఆ ఊరి పోస్టు ఎత్తేశాం సార్," అన్నాడు గుమస్తా వినయంగా. "పేషెంటు పోయింది కదా. మీరే సంతకం పెట్టారు."

"ఇక్కడ పిల్లలందరికీ జ్వరాలయ్యా!"

"పిల్లలు మన పథకంలో లేరు సార్."

ఫోన్ జారి పక్క మీద పడింది. ఫోలీకి భయమేసింది. డైరెక్టరు కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోనైనా లేదు. అవ్వ అతని నుదుటి మీద తడిగుడ్డ మార్చి, ఫోన్ అందుకుంది.

"నాయనా, మీ డైరెక్టరుగారి పరిస్థితి ఏం బాగాలేదు."

"మీరెవరండీ?"

"వాళ్ల అవ్వని."

"ఆవిడ పోయారు కదండీ?"

"పోయాను నాయనా. మనవడి కోసం వచ్చాను. విను, కొత్త డైరెక్టరు, చిన్న వయసు, పెళ్లి కావలసినవాడు. మంత్రులందరూ రావాలి. ఈసారి గుడ్డ పచ్చ రంగు బాగుంటుంది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. గుమస్తా గొంతు మారిపోయింది.

"అమ్మా, మంచం ఎటుందమ్మా?"

"ప్రస్తుతానికి గుమ్మంలో ఉంది," అని పెట్టేసి, అవ్వ డెంబోకి ఫోన్ చేసింది.

మధ్యాహ్నం దాటకుండానే తారు రోడ్డు మీద ఒక జీపు, మట్టి రోడ్డు మీద ఒక జీపు హారన్లు మోగించుకుంటూ వచ్చాయి. అవ్వ పెరట్లోకి వెళ్లి గొంతెత్తి కేకేసింది.

"ఒసే యావా! అందర్నీ పిలువు! పిల్లల్ని తీసుకుని వరసలో నిలబడండి!"

ఫోలీ మంచం మీంచి తలెత్తి, "అవ్వా, ముందు నన్ను చూడమను," అన్నాడు ఏడుపు గొంతుతో.

అవ్వ వెనక్కి వచ్చి దుప్పటి అతని మెడదాకా లాగింది.

"నువ్వు ఆఖర్న. కదలకుండా పడుకో. నువ్వు లేచి కూర్చున్నావంటే వాళ్లు వెళ్లిపోతారు."