రసమట్టం రావు గారింట్లో పళ్ళ పంచాయితీ

తిరువూరు మెయిన్ రోడ్డులో ఇనప సామాన్ల కొట్టు నడిపే సీతారామారావుని ఊళ్ళో అందరూ రసమట్టం రావు అంటారు. జేబులో టేపు, చేతిలో మేస్త్రీలు మట్టం చూసే రసమట్టం లేకుండా గడప దాటడు. పెళ్ళికి వెళ్ళినా పందిరి రాట నిటారుగా ఉందో లేదో చూశాకే అక్షింతలు వేస్తాడు. ఇక మీసమంటారా, పై పెదవి మీదికి దింపిన తాటాకు చూరే అది. ఆ చూరు కింద ఏముందో ఊళ్ళో ఎవరూ చూసిన పాపాన పోలేదు.

ఆయనగారి కూతురు అనూహ్యకి ముందుపళ్ళు ఎత్తు. తొమ్మిదో తరగతి పిల్ల, నవ్వొస్తే చాలు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఈమధ్య అసలు నవ్వడమే మానేసింది. అది చూడలేక తల్లి ప్రమీలారాణి పిల్లని పళ్ళాసుపత్రికి తీసుకెళ్ళింది. ఆదివారాలు విజయవాడ నుంచి వచ్చే పళ్ళ డాక్టరు పూజిత, ఇదే సరైన వయసు, క్లిప్పులు వేద్దామంది.

“నేను వేయించుకోను. క్లాసులో రైలు పట్టాలని ఏడిపిస్తారు,” అంది అనూహ్య ఇంటికొచ్చాక. “ఇంట్లో ఇంకెవరైనా వేయించుకుంటే అప్పుడు చూద్దాం.”

సీతారామారావు బుర్ర పాదరసంలా కదిలింది. “సరే. ఈ ఎత్తుపళ్ళు ఎవరి వైపు నుంచి వచ్చాయో వాళ్ళే పిల్లకి తోడుగా వేయించుకోవాలి.”

“అంటే?”

“అంటే ఏముందే! మీ తమ్ముడు బసవపున్నయ్య వినగడపలో బస్సెక్కేసరికి వాడి పళ్ళు తిరువూరులో దిగుతాయి.”

ప్రమీలారాణి చపాతీ కర్ర పక్కన పెట్టింది. “నోటిమాట పనికిరాదు. డాక్టరు పరికరాలతో చూసి తేల్చాలి. ఎవరివని తేలితే వాళ్ళే. తరవాత మాట మార్చకూడదు.”

“రసమట్టం మీద ఒట్టు!”

పెళ్ళాం అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటని అతనికి అనుమానం రావాలి. రాలేదు.

డాక్టర్లు పళ్ళ అచ్చు ఎలా తీస్తారో ఫోన్లో చూశాడు. నోట్లో ముద్ద పెట్టి కొరికించడం, ఆ గుంటలో ప్లాస్టరు పోయడం. ఓస్, ఇంతేనా అనుకున్నాడు. డాక్టరు కంటే ముందే సాక్ష్యం సిద్ధం చేద్దామని కొట్లోంచి ప్లాస్టరు పొడి మోసుకొచ్చాడు. ముద్దకి చపాతీ పిండి. పోత పోయడానికి ఇడ్లీ ప్లేట్లు.

“అయ్యయ్యో! అవి మా అమ్మ సారెలో పెట్టినవండీ!”

“సైన్సులో సెంటిమెంటు ఉండదే,” అంటూ అనూహ్య కొరికిన ముద్దని ప్లేటు గుంటలో పెట్టి ప్లాస్టరు పోసేశాడు.

అంతలో మామిడికాయల సంచితో బసవపున్నయ్య దిగాడు. సీతారామారావు అతనికి మంచినీళ్ళైనా ఇవ్వకుండా కుర్చీలో కూలదోసి, గుప్పెడు పిండి నోట్లో కుక్కాడు.

“గట్టిగా కొరుకు పున్నయ్యా.”

పున్నయ్య కొరికాడు. సీతారామారావు పిండి లాగాడు. పిండితో పాటు పై వరస పళ్ళన్నీ ఊడొచ్చాయి.

“ప్రమీలా! మీవాడి పళ్ళు పీకేశానే!” అని కెవ్వుమన్నాడు.

“కంగారుపడకు బావా,” అన్నాడు పున్నయ్య బోసినోటితో తాపీగా. “కట్టుడు పళ్ళు. మీ పెళ్ళికి ముందే ట్రాక్టరు మీంచి పడ్డా. సైజు కాస్త పెద్దదొచ్చింది. అక్కకి తప్ప ఎవరికీ తెలీదు.”

సాక్ష్యం చేతిలోనే ఉంది గానీ పనికిరాకుండా పోయింది. ఈలోపు ఇడ్లీ ప్లేటులో ప్లాస్టరు బిగుసుకుంది. సుత్తి పెట్టి కొడితే ప్లేటుకి సొట్ట పడింది, ప్లాస్టరు మాత్రం కదల్లేదు. మర్నాడు ఇంట్లో ఉప్మా.

అయినా ఆశ చావలేదు. తమ్ముడు పోతే అక్క ఉందిగా!

ఆదివారం డాక్టరమ్మ ముద్దల జోలికే పోలేదు. పెన్నులాంటి కెమెరా నోట్లో తిప్పగానే అనూహ్య పళ్ళు టీవీలో ప్రత్యక్షమయ్యాయి. తరవాత ప్రమీలారాణివి.

“మీ వరస చక్కగా ఉందండీ. ఇక మీరు రండి సార్.”

“నాకెందుకమ్మా! నావి మట్టంగానే ఉంటాయి.”

“ఒట్టు,” అంది ప్రమీలారాణి.

డాక్టరమ్మ ఓ ప్లాస్టిక్ కళ్ళెం తగిలించి పెదాలు రెండు పక్కలా సాగదీసింది. మీసాల చూరు పైకి లేచింది. తెర మీద తండ్రి పళ్ళూ, కూతురి పళ్ళూ పక్కపక్కన నిలబడ్డాయి.

“ఇందులో నావేవి ఆంటీ?” అంది అనూహ్య.

సీతారామారావు కళ్ళెంతోనే భార్య వైపు తిరిగాడు. “నీకు హుందే థెలుసా?”

“పదహారేళ్ళుగా నా పక్కన నోరు తెరిచి గురక పెట్టేది ఎవరనుకున్నారు?”

కళ్ళెం తీశాక బేరం మొదలుపెట్టాడు. “కనపడని క్లిప్పులుంటాయట కదమ్మా, అవి వేసెయ్.”

“పారదర్శకంగా ఉండే ట్రేలున్నాయి సార్. తినేటప్పుడు తీసి, మళ్ళీ పెట్టుకోవాలి. పంటి రంగువీ ఉన్నాయి. కానీ ఇంత ఎత్తుకి స్టీలు తీగలే బాగా పట్టు ఇస్తాయి.”

“స్టీలువే వేయండి డాక్టరుగారూ,” అంది ప్రమీలారాణి. “కళ్ళజోడే రోజుకి నాలుగుసార్లు పారేసుకునే మనిషి, ఆ ట్రేలు దక్కించుకుంటారా? అయినా కనపడకపోతే పిల్లకి తోడెలా అవుతారు?”

తండ్రీకూతుళ్ళిద్దరికీ ఒకే రోజు తీగలు బిగిశాయి.

మూడో రోజు కొట్లో గట్టిగా తుమ్మేసరికి మీసం వెళ్ళి తీగలో ఇరుక్కుంది. నోరు తెరిస్తే ప్రాణం పోతోంది. ఎదుటి సెలూనతను వచ్చి విడదీయబోయి, లాభం లేదని మొత్తం గొరిగేశాడు.

సీతారామారావు దొంగలా ఇంట్లోకి దూరాడు. వీధి గదిలో చదువుకుంటున్న అనూహ్య తలెత్తింది. నున్నటి మూతి, మధ్యలో తళతళా ఇనుము. పిల్ల పుస్తకం పడేసి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని పకపకా నవ్వింది. సిగ్గుతో సీతారామారావు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

“చెయ్యి తియ్యి నాన్నా,” అంది అనూహ్య దగ్గరికొచ్చి, తనే లాగేస్తూ. “బాగానే ఉన్నావు.”

పిల్ల నోటికి చెయ్యి అడ్డం లేదని అతనికి అప్పుడు తట్టింది. మీసం పోయిన బాధంతా ఎగిరిపోయింది. తనూ నోరారా నవ్వాడు.

వంటింట్లోంచి ప్రమీలారాణి కేకేసింది. “నవ్వింది చాలు గానీ, మీ ఇద్దరికీ మెత్తటివే పెట్టమంది డాక్టరు. పిండి రుబ్బి కూర్చున్నా. నా ఇడ్లీ ప్లేట్లేవండీ?”

సీతారామారావు కొత్త ప్లేట్లు కొనుక్కు రావడానికి చెప్పులేసుకున్నాడు.